తిరుత్తణి పంతులుగారు, నియంతల కాలము



ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన మన పిల్లలు బడికి పువ్వులు పట్టుకొని వెళ్తారు. ఎందుకని అడిగితే టీచర్స్ డే అంటారు. ఎవరి పుట్టినరోజని అడిగితే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు చెప్తారు. ఆయన పుట్టిన ఊరు మనకు ఎంత దగ్గరో మాత్రము చాలామందికి తెలియదు. తిరువళ్ళూరు స్టేషనులో అరక్కోణము మీదుగా పోయే రైలెక్కితే గంట ప్రయాణము. కొండ మీద మురుగన్ గుడి కనబడగానే దిగిపోవడమే. ఆ తిరుత్తణిలో, తెలుగు మాట్లాడే ఒక పేద ఇంటిలో ఆయన 1888లో పుట్టారు.

మొన్న యవ్వనస్థుల కూడికలో ఒక తమ్ముడు లేచి ఒక ప్రశ్న వేశాడు. పేపరు తెరిస్తే చాలు, ఈ పార్టీవారు ఆ పార్టీవారిని ఫాసిస్టులంటారు, వారు వీరిని అదే మాట అంటారు. ఇంతకూ ఆ మాటకు అర్థమేమిటి, నిజముగా అటువంటి ప్రభుత్వము వస్తే ఏ గురుతులనుబట్టి తెలుసుకోవాలి అని. నిఘంటువు అర్థము చెప్పి కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. తిట్టుగా వాడి వాడి ఆ మాట అరిగిపోయిన నాణెమువలె అయింది. అందుచేత రాధాకృష్ణన్ గారి జీవితమునే వ్రాయదలచాను. ఆయన పోరాటయోధుడని కాదు. ఆయన జైలుకు వెళ్ళలేదు, లాఠీదెబ్బ తినలేదు. అయితే నియంతలు పుట్టడము, పెరగడము, కూలడము ఆయన కళ్ళారా చూచిన కాలములోనే జరిగాయి. వారిలో ఒకరి ఎదుట కూర్చుండి మాట్లాడారు. చివరకు అధికారపు కలము ఆయన చేతికే వచ్చింది. ఆ కలముతో చేసినవన్నీ మెచ్చదగినవి కావు. అదికూడా దాచకుండా వ్రాస్తాను.

తండ్రి వీరాస్వామి గారు కార్వేటినగరము జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి గ్రామము గనుక అదే ఇంటిపేరు. మనలో చాలామంది తాతలు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి కూలికీ నౌకరీకీ ఇటు వచ్చినట్లే, వారి పెద్దలుకూడా ఎప్పుడో దక్షిణమునకు దిగివచ్చారు. ఎనిమిదేళ్ళ వయసులో, 1896లో, ఆయనను తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను బడిలో వేశారు. ఆ మిషను జర్మనీ దేశమువారిది. తరువాత 1900లో వేలూరు వూర్హీస్ కాలేజి, అది అమెరికా మిషనుది. 1904లో మద్రాసు క్రిస్టియన్ కాలేజి, అది స్కాట్లాండువారిది. అంటే అక్షరాభ్యాసము దాటినది మొదలు ఎం.ఏ. వరకు ఆయన చదువంతా మిషనరీల చేతిమీదుగా జరిగింది. తత్వశాస్త్రము ఎన్నుకోవడముకూడా ముచ్చటైన సంగతి. పుస్తకాలు కొనడానికి డబ్బు లేదు. అదే సమయములో ఆ శాస్త్రము చదివి ముగించిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చారు. అవి ఊరకే వచ్చాయి గనుక ఆ శాస్త్రమే చదివారు.

ఇక్కడ మనము కొంచెము నొచ్చుకొనవలసిన సంగతి ఉంది. ఆ బడులలో కొందరు ఉపాధ్యాయులు ఆయన ఇంటి మతమును తక్కువ చేసి మాట్లాడేవారు. ఆ మాటలు ఆ పిల్లవాని మనసులో ముల్లువలె దిగబడ్డాయి. తన పెద్దల మతములో ఏముందో తానే చదివి తెలుసుకోవాలనే పట్టుదల అక్కడే పుట్టింది. 1908లో ఎం.ఏ. కోసము వేదాంతములోని నీతిని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసమును మెచ్చుకున్నది క్రైస్తవ గురువైన ఎ.జి. హాగ్ దొరగారే. శిష్యుడు తనతో ఏకీభవించకపోయినా అతని బుద్ధిని గౌరవించిన గురువాయన.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజిలో ఉద్యోగము దొరికింది. తరువాత రాజమండ్రి, మైసూరు, 1921లో కలకత్తా. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసములు ఇచ్చారు. అవి మరుసటి సంవత్సరము హిందూ జీవన దృష్టిని గూర్చిన పుస్తకముగా అచ్చయి లోకమంతా పేరు తెచ్చాయి. ఆ పుస్తకములో ఆయన కులవ్యవస్థను దాని ఆదర్శ రూపములో సమర్థించారు. పుట్టుకనుబట్టి కాక గుణమునుబట్టి వర్ణము అని చెప్పినా, ఆ వ్యవస్థ క్రింద నలిగినవారికి ఆ మాట ఓదార్పు కాదు. 1936లో డాక్టర్ అంబేద్కర్ గారు కులనిర్మూలనను గూర్చి వ్రాసిన పుస్తకములో రాధాకృష్ణన్ గారిని పేరు పెట్టి గట్టిగా విమర్శించారు. హిందూ సమాజము ఇన్నాళ్ళు నిలిచియున్నది గనుక అది మంచిదే అనే వాదమును ఆయన త్రోసివేశారు. ఎంతకాలము బ్రదికామన్నది కాదు, ఎట్లు బ్రదికామన్నది ముఖ్యమని అంబేద్కర్ గారి భావము. మన సంఘములలో అధికభాగము ఏ పేటలనుండి వచ్చినవారో మనకు తెలుసు గనుక ఈ విమర్శను దాటిపోవడము న్యాయము కాదు. మనిషి విలువను పుట్టుకనుబట్టి కట్టే ఆలోచన ఏ దేశములో ఏ పేరుతో ఉన్నా, నేను చెప్పబోయే సంగతికి దానితో దగ్గర చుట్టరికము ఉంది.

1931లో ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. అంతకుముందు ఆ పదవిలో ఉన్న మన చిత్తూరు జిల్లావారే అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారు, 1930లో సత్యాగ్రహుల మీద ప్రభుత్వము చేసిన దౌర్జన్యమునకు నిరసనగా రాజీనామా చేశారు. ఖాళీ అయిన ఆ కుర్చీలో రాధాకృష్ణన్ గారు కూర్చున్నారు. అదే సంవత్సరము ప్రభుత్వము ఇచ్చిన సర్ బిరుదముకూడా పుచ్చుకున్నారు. నా మట్టుకు నాకు ఈ విషయములో రెడ్డిగారే పెద్దగా కనబడతారు. అయితే వాల్తేరులో ఈయన చేసిన పనికూడా తక్కువది కాదు. కమ్యూనిస్టు భావములుగల హీరేన్ ముఖర్జీ గారికీ, బెంగాలు ముస్లిము యువకుడైన హుమాయూన్ కబీర్ గారికీ అక్కడ ఉద్యోగములిచ్చారు. చదువు చెప్పగలడా అని చూశారు తప్ప పార్టీ ఏది, మతమేది అని చూడలేదు.

ఈ చిన్న సంగతిని ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా ఆ సంవత్సరములలోనే ఐరోపాలో దీనికి తలక్రిందులుగా జరుగుతున్నది. రాధాకృష్ణన్ గారు 1931 నుండి నానాజాతి సమితివారి మేధావుల సంఘములో సభ్యులు. జెనీవాకు వెళ్ళి వస్తూ ఉండేవారు. ఐన్‌స్టీన్, మేడమ్ క్యూరీ వంటివారు కూర్చున్న సంఘమది. ఆయన చేరిన ఆ 1931లోనే ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము, ప్రొఫెసర్లందరూ ఫాసిస్టు పాలనకు విధేయులమని ప్రమాణము చేయాలని ఆజ్ఞ వేసింది. సుమారు 1,200 మంది ప్రొఫెసర్లు. కాదన్నవారు ఒక పండ్రెండుమంది. తక్కినవారందరూ దుర్మార్గులా? కారు. ఇంట్లో పిల్లలున్నారు, నెల జీతముంది, ఒక్క సంతకమే కదా అనుకున్నారు. ఆ తమ్ముడు అడిగిన గురుతులలో నేను ముందుగా చెప్పేది ఇదే. ఆ ప్రభుత్వము మన పనితో తృప్తిపడదు, మన నోటితో జై అనిపించుకోవాలి. పాఠము చెప్పే పంతులు, తీర్పు చెప్పే జడ్జి, ప్రసంగము చేసే పాదిరి, ఎవరూ ఊరకే ఉండటానికి వీలులేదు. దూరా మైదానములో బొమ్మను నిలబెట్టిన నెబుకద్నెజరు కథ మనకు సండేస్కూలునుండి తెలుసు. అక్కడ అడిగినది పన్ను కాదు, మ్రొక్కు.

ఫాసిస్టు అనే మాట పూర్వపు రోమా అధికారుల ముందు మోసే ఒక కట్టనుండి వచ్చింది. కర్రలను కట్టగా కట్టి మధ్యలో గొడ్డలి పెట్టేవారు. కర్రలన్నీ ఒకటిగా ఉండాలి, విడిపోయిన కర్రకు గొడ్డలి. ముస్సోలినీ 1919లో మిలానులో తన గుంపును కూర్చి, 1922 అక్టోబరులో ప్రధానమంత్రి అయ్యాడు. బలవంతముగా లాక్కోలేదు, రాజే పిలిచి ఇచ్చాడు. 1924లో ఎన్నికల అక్రమములను గూర్చి పార్లమెంటులో మాట్లాడిన మత్తెయోత్తి అనే సభ్యుని అతని మనుషులు ఎత్తుకొనిపోయి చంపారు. ఆ తరువాత రెండేళ్ళలో తక్కిన పార్టీలు లేవు, స్వతంత్ర పత్రికలు లేవు.

జర్మనీలో ఇంకా వేగముగా జరిగింది. తేదీలు ఒకసారి చూడండి. 1933 జనవరి 30న హిట్లరును ప్రధానిగా నియమించినది ముసలి అధ్యక్షుడైన హిండెన్‌బర్గ్, చట్టప్రకారమే. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనము తగలబడింది. మరునాడే అత్యవసర ఉత్తరువు వచ్చి, మాట్లాడే స్వేచ్ఛ, కూడుకొనే స్వేచ్ఛ, విచారణ లేకుండా జైలులో పెట్టకూడదనే హక్కు అన్నీ పోయాయి. మార్చి 23న పార్లమెంటు తన అధికారమును తానే హిట్లరు ప్రభుత్వమునకు అప్పగించింది. కమ్యూనిస్టు సభ్యులు అప్పటికే జైళ్ళలోనో అజ్ఞాతములోనో ఉన్నారు, సోషల్ డెమొక్రాట్లు మాత్రమే వద్దని ఓటు వేశారు. ఏప్రిల్ 7న యూదులైన ప్రభుత్వోద్యోగులను, ప్రొఫెసర్లను తొలగించే చట్టము. మే 2న కార్మిక సంఘముల ఆఫీసులు పట్టుకున్నారు. మే 10న విద్యార్థులే యూనివర్సిటీ పుస్తకములను నడివీధిలో కాల్చారు. జూలై 14న ఒకే పార్టీ తప్ప వేరొకటి ఉండరాదని చట్టము. ఐదున్నర నెలలు. మన ఊళ్ళో ఒక పంట వేసి కోసేంత కాలము! ఐన్‌స్టీన్ గారు మరల జర్మనీలో కాలు పెట్టలేదు. జర్మనీ పార్లమెంటు కొనసాగింది సుమండీ, దానిని రద్దు చేయలేదు. సభ్యులు అప్పుడప్పుడు కూడి, నాయకుని ప్రసంగము విని, పాట పాడి ఇంటికి వెళ్ళేవారు.

అందుచేత రాజ్యాంగము ఉన్నది, ఎన్నికలు జరిగాయి, కోర్టులున్నాయి గనుక భయము లేదనుకోవడము పొరపాటు. అన్నీ పైకి అలాగే ఉంటాయి. నాబోతు ద్రాక్షతోట విషయములోకూడా ఉపవాస దినము చాటించి, సాక్షులను నిలబెట్టి, పెద్దల సభ తీర్పు ప్రకారమే అంతా నడిపించారు కదా.

ఇప్పుడు మన బాప్టిస్టుల సంగతికి వస్తాను. బాప్టిస్టు ప్రపంచ కూటమివారి ఐదవ మహాసభ 1934 ఆగస్టు 4 నుండి 10 వరకు ఎక్కడ జరిగిందనుకున్నారు? బెర్లిను నగరములో. సభ మొదలగుటకు రెండు రోజుల ముందే, ఆగస్టు 2న, హిండెన్‌బర్గ్ చనిపోయాడు. అదే రోజు హిట్లరు అధ్యక్ష పదవినికూడా తనలో కలుపుకొన్నాడు, సైనికులు దేశమునకు గాక అతని పేరుమీదే ప్రమాణము చేశారు. అటువంటి వారములో మనవారు అక్కడ కూడారు. ఆ సభ జాతి వైరమును ఖండించి తీర్మానము చేసింది. యూదులమీద, నల్లవారిమీద, పరాధీన జాతులమీద జరిగే హింస తప్పని ఆ ఊళ్ళోనే చెప్పింది. అది మనము సంతోషించవలసినదే. అట్లాంటా నుండి వచ్చిన ఒక నల్లజాతి బాప్టిస్టు పాదిరి లూథరు దేశమును చూచి ఇంటికి తిరిగి వెళ్ళి తన పేరును, తన ఐదేళ్ళ కుమారుని పేరును మార్టిన్ లూథర్ కింగ్ అని మార్చుకొన్నారు. ఆ కుమారుని కథ మనకందరికి తెలుసు.

అయితే ఆ సభనుండి తిరిగి వెళ్ళిన అమెరికా ప్రతినిధులలో కొందరు జర్మనీని మెచ్చుకొన్నారుకూడా. వీధులు శుభ్రముగా ఉన్నాయి, చెడు పుస్తకాలు అమ్మడము లేదు, నాయకుడు పొగ త్రాగడు, మద్యము ముట్టడు. మనము సంఘములో దేనిని మంచి నడత అంటామో అదే అక్కడ కనబడింది గనుక దాని వెనుక జైళ్ళు కనబడలేదు. 1937 జూలైలో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన పెద్ద క్రైస్తవ సభలోకూడా జర్మనీ బాప్టిస్టు ప్రతినిధి తమకు సువార్త ప్రకటించే స్వేచ్ఛ ఉన్నదని చెప్పి ప్రభుత్వమును సమర్థించారు. అదే నెల మొదటి తేదీన అక్కడ నీమోలర్ పాదిరిగారిని పట్టుకొని జైలులో పెట్టారు, 1945 వరకు వదలలేదు. మన కూడికలు మనకు జరుగుతున్నాయి, ప్రక్కవాడి తలుపు ఎవరు కొట్టారో మనకెందుకు అనుకొనే అలవాటు బాప్టిస్టులకు కొత్త కాదని వ్రాయడానికి నాకు కష్టముగానే ఉంది.

ఆ ఆక్స్‌ఫర్డ్‌లోనే రాధాకృష్ణన్ గారు 1936 నుండి ప్రొఫెసర్. ప్రాచ్య మతములు, నీతిశాస్త్రము ఆయన సబ్జెక్టు. ఆయన ఆ రోజుల వ్రాతలలోను, యుద్ధకాలపు ఉపన్యాసములలోను జాతిని, దేశమును దేవుని స్థానములో కూర్చోబెట్టడము ఈ యుగపు పెద్ద విగ్రహారాధన అనే భావము కనబడుతుంది. మనిషి ప్రభుత్వము కొరకు కాదు, ప్రభుత్వమే మనిషి కొరకు అన్నది ఆయన మనసులోని మాట. ఇంత స్పష్టముగా చూచినవారు కులము విషయములో అంత మెత్తగా ఎందుకు వ్రాశారో నాకు ఇప్పటికీ అర్థము కాదు.

1939లో మదనమోహన మాలవీయ గారు కోరగా కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలర్ అయ్యారు, జీతము పుచ్చుకోకుండా. అక్కడే ఆయనకు అసలు పరీక్ష వచ్చింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము రేగినప్పుడు కాశీ విద్యార్థులు ముందు నిలిచారు. సైనికులు విశ్వవిద్యాలయములోనికి వచ్చారు. గవర్నరు సర్ మారిస్ హాలెట్ కోపగించి, ఆ ఆవరణనంతా యుద్ధ ఆసుపత్రిగా మార్చాలని నిశ్చయించారు. అంటే యూనివర్సిటీ మూతపడినట్లే. రాధాకృష్ణన్ గారు వెంటనే ఢిల్లీ వెళ్ళి వైస్రాయి లిన్‌లిత్‌గో గారిని ఒప్పించి ఆ పని ఆపించారు. గవర్నరు ఊరుకోక ప్రభుత్వ గ్రాంటు నిలిపివేశారు. అప్పుడు ఈయన ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి జీతములు ఇచ్చారు. కేకలు వేయలేదు, కాళ్ళూ పట్టుకోలేదు.

ఇంగ్లీషువారి పరిపాలన ఫాసిస్టు పాలనా అని ఆ తమ్ముడే అడిగాడు. మన మీద వారు చేసినది నియంతృత్వమే, దానికి వేరే పేరు వెతకనక్కరలేదు. అయితే తేడా ఉంది. గవర్నరు మాటమీద ఢిల్లీలో అప్పీలు చేసుకొనే చోటు ఒకటి మిగిలింది. అదే కాలములో బెర్లినులో ఒక వైస్ ఛాన్సలర్ ఏ తలుపు తట్టగలడు? పైన ఉన్నవాడు, క్రింద ఉన్నవాడు, జడ్జి, పోలీసు అందరూ ఒక్క మనిషి ఇష్టమునకే జవాబుదారులైనప్పుడు తట్టడానికి తలుపులే ఉండవు.

స్వాతంత్ర్యము రాకముందే ఆయన రాజ్యాంగ సభలో ఉన్నారు. 1947 జనవరిలో అక్కడ మాట్లాడుతూ, ప్రజాపాలన మన దేశమునకు క్రొత్తది కాదని చెప్పడానికి ఒక పాత కథ ఎత్తుకొన్నారు. ఉత్తరదేశపు వర్తకులు దక్షిణమునకు వస్తే ఇక్కడి రాజు మీ రాజెవరని అడిగాడట. మాలో కొందరిని రాజులు ఏలుతారు, కొందరిని సభలు ఏలుతాయి అని వారు జవాబిచ్చారట. 1949లో నెహ్రూగారు ఆయనను మాస్కోకు రాయబారిగా పంపారు. స్టాలిను ఫాసిస్టు కాడు, ఫాసిస్టులను ఓడించినవాడు. అయినా ఒకే పార్టీ, ఒకే నాయకుడు, రాత్రిపూట తలుపు తట్టే పోలీసులు, తిరిగి రాని మనుషులు, ఇవన్నీ అక్కడకూడా ఉన్నాయి. జెండా రంగు మారినంత మాత్రాన గురుతులు మారవు. 1950 జనవరిలో స్టాలినును కలిసినప్పుడు రాధాకృష్ణన్ గారు అశోక చక్రవర్తి సంగతి ఎత్తారని చెప్పుకొంటారు. రక్తపాతముతో గెలిచి, ఆ గెలుపునకే దుఃఖపడి మారుమనస్సు పొందిన రాజు కథను స్టాలినుకు చెప్పడానికి ధైర్యము కావాలి. 1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకొనేటప్పుడు ఆ ముసలివాని చెంప నిమిరారనికూడా అంటారు.

1952లో ఉపరాష్ట్రపతి అయ్యారు. పదేళ్ళు రాజ్యసభ నడిపించారు. ఎదుటి పక్షమువారు లేచి ప్రభుత్వమును దులిపేస్తుంటే చిరునవ్వుతో వినేవారు, మధ్యలో ఒక శ్లోకము చదివి వేడి చల్లార్చేవారు. ఇంటి పెద్ద భోజనాల పంక్తిని నడిపినట్లు నడిపేవారని పేరు.

ఆ పదేళ్ళలోనే ఆయన పుట్టిన ఊరు రాష్ట్రము మారింది. దీనిని కొంచెము వివరముగా వ్రాయాలి, ఎందుకంటే ఇది మన ఇంటి కథ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాతోపాటు ఆంధ్రలో ఉంది. మ.పొ. శివజ్ఞానము గారు, మంగలంకిళార్ గారు మొదలైన తమిళ నాయకులు అది తమదని ఉద్యమించారు, జైళ్ళకు వెళ్ళారు. మద్రాసు నగరము మనదేనని తెలుగువారు కేకలు వేసిన రోజులుకూడా అప్పటికి ఎంతో దూరములో లేవు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణము విడిచినది 1952 డిసెంబరు 15న. రెండు ప్రక్కలా రక్తము వేడెక్కి ఉంది. చివరకు పటాస్కర్ గారు మధ్యవర్తిగా కూర్చొని, గ్రామము గ్రామముగా జనము మాట్లాడే భాషను చూచి తీర్పు చెప్పారు. పార్లమెంటు 1959లో చట్టము చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో కలిసింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రకు పోయాయి. అటు తమిళులు కొందరు, ఇటు తెలుగువారు కొందరు గీతకు అవతల ఉండిపోయారు. ఎవరి ఇల్లూ ఎవరూ తగలబెట్టలేదు. ఎవరినీ బండ్లకెక్కించి తరమలేదు.

దీనిని జెకోస్లొవేకియాతో పోల్చి చూడండి. అక్కడ సరిహద్దు కొండలలో జర్మను భాష మాట్లాడేవారు ఉన్నారు. వారిని కాపాడతానని చెప్పి హిట్లరు 1938 సెప్టెంబరు చివర మ్యూనిక్ ఒప్పందముతో ఆ భాగము తీసుకొన్నాడు. ఆరు నెలలు తిరగకముందే, 1939 మార్చిలో, తక్కిన చెక్ దేశమునుకూడా మ్రింగాడు. యుద్ధము ముగిశాక ఆ జర్మను భాషవారినే సుమారు ముప్పది లక్షలమందిని అక్కడినుండి వెళ్ళగొట్టారు. పరాయి రాష్ట్రములో మన భాష మాట్లాడుతూ బ్రదుకుతున్న మనవంటి వారిని అడ్డము పెట్టుకొని కోపము పెంచడము ఆ ప్రభుత్వములకు బాగా తెలిసిన విద్య. మన మేలు కొరకు అన్నట్లే ఉంటుంది. చివరకు ఇల్లు పోయేది మనదే.

1962 మే 13న రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాదే అక్టోబరులో చైనా యుద్ధము వచ్చింది. అక్టోబరు 26న దేశములో మొదటిసారిగా అత్యవసర పరిస్థితి ప్రకటించినది ఆయన సంతకముతోనే. యుద్ధము నెలరోజులలో ముగిసింది. ఆ అత్యవసర పరిస్థితి మాత్రము 1968 జనవరి వరకు, అంటే ఆయన దిగిపోయిన తరువాతకూడా, నిలిచింది. కమ్యూనిస్టులు అనేకులు విచారణ లేకుండా జైలులో ఉన్నారు. అంతకంటె బాధాకరమైనది చైనా సంతతివారి సంగతి. తరతరాలుగా అస్సాములో, బెంగాలులో టీ తోటలలో వడ్రంగము చేసుకొంటూ, చెప్పుల దుకాణములు, హోటళ్ళు నడుపుకొంటూ ఉన్నవారిని, పిల్లలతో ముసలివారితో సహా సుమారు మూడువేలమందిని రైళ్ళలో రాజస్థానులోని దేవళీ శిబిరమునకు తీసుకుపోయారు. వారు చేసిన నేరము వారి ముఖము. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. విడుదలై వచ్చేసరికి కొందరి ఇళ్ళు వేలమైపోయాయి. ఆ చట్టములకుకూడా క్రింద ఉన్నది ఆయన సంతకమే.

రాజ్యాంగము ప్రకారము మంత్రివర్గము చెప్పినట్లు సంతకము చేయాలి, ఆయన ఏమి చేయగలరు అని కొందరంటారు. నిజమే. ఆ ప్రభుత్వము ఫాసిస్టు ప్రభుత్వమని నేను అనడము లేదు. పత్రికలు నెహ్రూగారిని విమర్శించాయి, పార్లమెంటులో రక్షణమంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది, 1967లో ఎన్నికలు జరిగి మన మద్రాసు రాష్ట్రములోనే కాంగ్రెసు ఓడిపోయింది. అయినా భయము పట్టినప్పుడు మంచి మనిషి చేతితోనే, మంచి రాజ్యాంగము క్రిందనే, పుట్టుకనుబట్టి మనుషులను ఏరి కంచె వెనుక పెట్టడము జరిగింది. జర్మనీ ప్రొఫెసర్లకు ఉద్యోగము పోతుందనే భయము, ఇక్కడ శత్రువు వస్తాడనే భయము. ఇంత చదివినవారికే అది అప్పుడు కనబడలేదంటే మనకు కనబడుతుందా?

అదే కలమును ఆయన మరొక విధముగాకూడా వాడారు. మరణశిక్ష పడినవారి క్షమాభిక్ష విజ్ఞప్తులు 57 ఆయన బల్లమీదికి వచ్చాయి. ఒక్కదానినికూడా త్రోసివేయలేదు. పదవి దిగబోయే ముందు, 1967 గణతంత్ర దినపు ప్రసంగములో, తన ప్రభుత్వము యొక్క అసమర్థతను, వనరుల దుర్వినియోగమును దేశమంతా వినేటట్లు విమర్శించారు. పాలకులకు అది రుచించలేదు. రాష్ట్రపతి రేడియోలో తన ప్రభుత్వమును తప్పుపట్టి, మరునాడు క్షేమముగా కాఫీ త్రాగగలిగిన దేశము అది.

ఆ తరువాత మద్రాసు మైలాపూరులోని గిరిజ అనే తన ఇంటికి వచ్చివేశారు. భార్య శివకామమ్మ గారు 1956లోనే పోయారు. ఆ ఇంటి ముందు రోడ్డు అప్పుడు ఎడ్వర్డ్ ఎలియట్స్ రోడ్డు, ఇప్పుడు రాధాకృష్ణన్ సాలై. బస్సులో పోతూ ఆ పేరు మనము రోజూ వింటాము. 1975లో టెంపుల్టన్ బహుమానము వచ్చింది, క్రైస్తవులు కానివారిలో దానిని మొదట పొందినది ఆయనే. ఆ డబ్బును ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేశారు. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

సరిగ్గా 69 రోజులకు, జూన్ 25 రాత్రి, మరొక రాష్ట్రపతి మరొక అత్యవసర పరిస్థితి కాగితముమీద సంతకము చేశారు. ఈసారి సరిహద్దులో యుద్ధము లేదు. మంత్రివర్గమునకు మరునాడు తెల్లవారి చెప్పారు. ప్రతిపక్ష నాయకులు ఆ రాత్రే జైళ్ళకు వెళ్ళారు, పత్రికలు సెన్సారు చూచినదే అచ్చువేశాయి. 1976 జనవరి 31న మన తమిళనాడు ప్రభుత్వమును బర్తరఫ్ చేశారు, మద్రాసు సెంట్రల్ జైలు నిండిపోయింది. 1977 మార్చిలో జనము ఓటు వేసి ఆ ప్రభుత్వమును దింపారు. 1978లో రాజ్యాంగమును 44వసారి సవరించి, దేశములో అలజడి ఉన్నదనే మాటమీద ఇక ఎవరూ అత్యవసర పరిస్థితి పెట్టకుండా, సాయుధ తిరుగుబాటు ఉంటేనే పెట్టేటట్లు, అదికూడా మంత్రివర్గము వ్రాతమూలకముగా కోరితేనే రాష్ట్రపతి సంతకము చేసేటట్లు మార్చారు.